ఖాళీగా ఉన్న పేరు

నర్మెట్టలో బస్సు దిగి ఎవరినడిగినా జిరాక్స్ షాపు చూపిస్తారు. షాపునే చూపిస్తారు, నన్ను చూపించరు. నేను అంత చూడదగ్గ మనిషిని కాదు. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ దరఖాస్తులు, వేలిముద్రల కేవైసీ, ఇవీ నా బతుకుతెరువు. షాపు వెనకే ఇల్లు. నా పేరు బోర్డు మీద ఉంది, పిలిచేవాళ్ళ నోట లేదు. అది తర్వాత చెప్తాను, తొందరేం లేదు.

బతుకుతెరువు కాని పని ఇంకొకటుంది. నేను మొక్కల పండితుణ్ణి. ఇంటర్‌లో వృక్షశాస్త్రం రెండుసార్లు తప్పి, మూడోసారి పక్కబెంచీ పిల్లగాడి దయవల్ల గట్టెక్కిన నన్ను "మన మిద్దె తోటలు" అనే వాట్సాప్ గ్రూపులో ఆరువందల మంది సార్ అంటారు. ఎవరైనా మొక్క ఫొటో పెట్టి పేరడిగితే దాన్ని దొంగచాటుగా నా ఫోన్లోని యాప్‌కు చూపిస్తాను. అది చెప్పిన పేరును రెండు నిమిషాలు ఆగి, ఆలోచించినట్టు నటించి గ్రూపులో పెడతాను. ఆ రెండు నిమిషాలే నా పాండిత్యం.

ఇక అడిగేవాళ్ళు. సగం బొటనవేలు, పావు కుండీ, మిగతాదంతా మేనల్లుడి నిక్కరు ఉన్న ఫొటో పెట్టి "ఇదేం మొక్క సార్" అంటాడొకడు. ఒకామె ప్లాస్టిక్ మొక్క ఫొటో పెట్టి ఆరు నెలల నుంచి ఎదగట్లేదని బాధపడింది. యాప్ దానికి కూడా ఒక పేరు చెప్పింది. నేను పెట్టేశాను. ఆమె ఇప్పటికీ ఎరువు వేస్తోంది.

మహబూబాబాద్‌లో శ్రీపాల్ అని ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉన్నాడు. నేను ఏ పేరు పెట్టినా "సార్ చెప్పినదాంట్లో ఒక చిన్న సవరణ" అంటూ దిగుతాడు. ఈ కథకంతటికీ మూలం ఆ మనిషే. అలా అంటే నా తప్పు కాస్త తక్కువగా కనిపిస్తుందని అనడం, అంతే.

ఏప్రిల్ ఆఖర్లో తరిగొప్పుల దగ్గర తండా నుంచి సోమ్లా వచ్చాడు. వాళ్ళమ్మ రామి వేళ్ళు అరిగిపోయి పింఛనుకు ముద్ర పడట్లేదట. ముసలామె మంచం దిగలేదు, మిషన్ పట్టుకుని ఇంటికే రమ్మన్నాడు. అతని బండి మీదే పోయాం.

రేకుల ఇల్లు. అరుగు చివర పాత రంగుల డబ్బాలో ఒక మొక్క ఉంది. సక్యులెంట్. అంటే ఆకుల్లోనే నీళ్ళు దాచుకుని బలిసే రకం. మా గ్రూపులో వీటి పిచ్చి ఎక్కువ. ఆకులు వేలి చివరి కణుపంత ఉన్నాయి. వాటి మీద ద్రాక్షపండు మీద ఉన్నట్టు బూడిదరంగు పొడి. ముట్టుకుంటే నా వేలిముద్ర ఆకు మీద అలాగే నిలిచింది. నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ ఆకు దవాఖాన గోడలా చల్లగా ఉంది.

"అవ్వా, గిదేం చెట్టు?"

"చెట్టే" అంది రామి, మంచంలోంచి లేవకుండా.

"పేరేంది?"

"లేదు."

"పేరు లేని చెట్టుంటదా ఎక్కడన్న?"

"చూస్తున్నవ్ గద."

సోమ్లా నవ్వాడు. "మా తాత భూపాలపల్లి దిక్కు అడివిల పని చేసినప్పుడు తెచ్చిండంట సారు. అప్పటిసంది దాన్ని అది అనే అంటం. పేరు పెట్టం."

"పెడితే ఏమైతది?"

"ఉంచుకుంటది" అంది రామి.

చదువుకున్నవాళ్ళు నవ్వే నవ్వు ఒకటుంటుంది, పెదాలు కదలకుండా. అది నవ్వాను. ఈ జనం ఎప్పుడు మారతారో అనుకున్నాను, ఇంటర్ మూడుసార్లు రాసిన నేను.

ఐదోసారికి ఆమె ముద్ర పడింది. ఆమె బొటనవేలు చీరకు తుడుచుకునే లోపల ఒక ఆకు తుంచి జేబులో వేశాను. సక్యులెంట్లు పెంచేవాళ్ళలో ఇది దొంగతనం కిందికి రాదు. ఒక్క ఆకు చాలు, అదే వేళ్ళు పెట్టి మొక్కవుతుంది. ఎవరింటికి పోయినా జేబులో ఒక ఆకుతో తిరిగి రావడం మా మర్యాద.

బండెక్కుతుంటే రామి పిలిచింది.

"సారూ, నీ అంగి జేబు తడిసింది."

"చెమట అవ్వా."

"ఊఁ" అంది. ఎండాకాలంలో ఒక్క జేబుకే చెమట పట్టే మనిషిని ఎలా చూడాలో అలా చూసింది.

ఇంటికొచ్చి ఆకును కిటికీలో సాసర్లో పెట్టాను. మట్టి లేదు, నీళ్ళు లేవు. మూడో రోజుకు తెల్లటి వేళ్ళు వచ్చాయి, వెంట్రుకల్లా. కుండీలోకి మార్చాను. ఎనిమిదో రోజుకు ఆరు ఆకులు. యాప్‌కు చూపించాను. ప్లాస్టిక్ మొక్కకు కూడా పేరు చెప్పిన ఆ యాప్ చాలాసేపు గిరగిరా తిరిగి "పోలినది దొరకలేదు. పేరు మీరే ఇవ్వండి" అని ఒక ఖాళీ గడి చూపించింది.

సరే, గ్రూపులో ఫొటో పెట్టి "చెప్పుకోండి చూద్దాం" అన్నాను. తెలియనప్పుడు పండితులు చేసే పని అదే. రెండు నిమిషాల్లో శ్రీపాల్ దిగాడు.

"ఇయ్యాల సార్ యాప్‌కు సెలవేమో."

గ్రూపంతా నవ్వు బొమ్మలు. చెవులు కాలాయి. సరిగ్గా అప్పుడే నా భార్య చాయ్ తెచ్చి పక్కన పెట్టింది.

ఆమె పేరు ఉమారాణి. ఈ వాక్యం రాయడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చింది. పందొమ్మిదేళ్ళ కాపురంలో నేను ఆమెను పేరు పెట్టి పిలవలేదు. ఏయ్ అంటాను. ఆమె నా పేరు అసలే ఎత్తదు, ఇగో అంటుంది. మా దిక్కు చాలామంది ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఆఫీసులో "భర్త పేరేందమ్మా" అంటే నా వైపు చెయ్యి చూపించి ఊరుకుంటుంది. పిల్లలు లేరు, అందుకని ఫలానా పిల్ల వాళ్ళమ్మ అనే పిలుపు కూడా ఆమెకు రాలేదు. వాడకట్టుకు ఆమె జిరాక్సాయన భార్య. పేరు పెట్టి పిలిచేది రేగొండలో ఉండే వాళ్ళక్క విజయ ఒక్కతే, అదీ ఎప్పుడో ఫోన్లో.

చాయ్ తాగుతూ టైపు చేశాను.

"ఇది కొత్త రకం. ఎవరి యాప్‌లోనూ ఉండదు. దీనికి నేను పెట్టిన పేరు ఉమారాణి. ఎందుకంటే మూలన పెట్టినా అలగదు, నీళ్ళు మరిచిపోయినా చావదు, అన్నిటికంటే ముఖ్యం, మాట్లాడదు."

నలభై ఒక్కమంది నవ్వారు. శ్రీపాల్ కూడా నవ్వాడు. ఆ ఊపులో యాప్‌లోని ఖాళీ గడిలో కూడా అదే పేరు కొట్టాను.

నా భార్య కూడా ఆ గ్రూపులో ఉంది. ఖాళీ గ్లాసు తీసుకుపోతూ తన ఫోన్ చూసుకుంది. ఏమీ అనలేదు. చూశారా, నేను చెప్పలేదూ అనుకున్నాను.

ఆ తర్వాత జరిగింది నాకు పదకొండు రోజుల దాకా తెలియలేదు. భార్యను పేరుతో పిలిచే ఇంట్లో అయితే మొదటి రోజే తెలిసేది.

పదకొండో రోజు విజయ నాకు ఫోన్ చేసింది.

"తమ్మీ, ఉమకేమైంది? మూడుసార్లు చేసిన. ఉమా అంటే, ఎవలు గావాలె అంటది. గిక్కడ గా పేరోల్లు లేరని పెట్టేసింది."

"అలిగిందేమో వదినె."

"నా మీద ఎందుకలుగుతది?"

వంటింట్లోకి పోయి అడిగాను. "ఏయ్, మీ అక్క ఫోన్ చేసిందట గద."

"చెయ్యలే. ఎవలో ఉమ గావాలన్నరు" అంది, బియ్యంలో రాళ్ళు ఏరుతూ. అబద్ధం చెప్పే మనిషి గొంతు కాదు అది.

అలకే అనుకున్నాను. నా మాటకు అలిగేంత విలువ ఉందనుకోవడం కూడా ఒక పొగరే.

ఈలోగా మొక్క మోకాలి ఎత్తు పెరిగింది. మొక్కలన్నీ కిటికీ వైపు వంగుతాయి, వెలుతురు కోసం. ఇది ఇంట్లోకి వంగింది. వంటింటి వైపు.

మే మూడో వారం. రేషన్ కార్డుకు కేవైసీ చెయ్యాలని ఆమెను షాపులోకి పిలిచాను. కార్డు నంబరు కొట్టి, వేలు పెట్టమన్నాను. పడలేదు. ఇంకో వేలు. పడలేదు. పదీ అయిపోయాయి. పొలం పనులు చేసేవాళ్ళకు, ముసలివాళ్ళకు ముద్రలు అరుగుతాయి, నాకది రోజూ ఉండేదే. చెయ్యి పట్టుకుని వెలుతురులో చూశాను. అరిగిన వేళ్ళు కావు. గీతే లేదు. కొత్తగా చేసిన వేళ్ళలా నున్నగా ఉన్నాయి.

"ఏంది గిది?"

"పోతే పోయింది" అంది చెయ్యి లాక్కుని. "ఎవలు వాడిన్రు దాన్ని?"

"దేన్ని?"

లోపలికి పోయింది.

పన్నెండున్నరకు షట్టర్ దించి, ఆమె వేలు ఇంకోసారి పెట్టించి చూద్దామని మిషన్ పట్టుకుని ఇంట్లోకి పోయాను. దెయ్యాలు అర్ధరాత్రి వస్తాయంటారు గాని, మే నెల మధ్యాహ్నం నర్మెట్ట చూసినవాళ్ళు ఆ మాట అనరు. రోడ్డు మీద కుక్క కూడా ఉండదు. కిటికీలకు తడి గోనెసంచులు కట్టి ఉన్నాయి. ఇల్లంతా మసక. కూలర్ ఒక్కటే గురగురమంటోంది. ఆ గాలిలో ఒక వాసన... కొత్తగా తవ్విన బావిలోంచి వచ్చే వాసన. పచ్చిమట్టి, దాని కింద ఇంకేదో.

వాసన కుండీ దగ్గర ఎక్కువగా ఉంది. ఫోన్ లైటు వేసి చూశాను. అన్నిటికంటే పెద్ద ఆకు మీద, బూడిద పొడిలో, ఒక వేలిముద్ర.

నాదే అనుకున్నాను. కానీ వేలిముద్రలు చూడడమే నా ఉద్యోగం. నా బొటనవేలి గీతలు వంపు తిరిగి పక్కకు పోతాయి. ఇది సుడి. పైగా ముట్టుకుంటే పడే ముద్ర లోపలికి ఉంటుంది. ఇది ఉబ్బి ఉంది. ఆకులోంచి వచ్చింది.

మిషన్ ఇంకా అదే కార్డు నంబరు మీద ఆగి ఉంది. వేలు పెట్టండి అని ఎర్రగా మెరుస్తోంది. ఎందుకు చేశానో చెప్పలేను. శ్రీపాల్‌కు ఫొటో పెట్టి నవ్విద్దామనుకున్నట్టున్నాను. మిషన్‌ను ఎత్తి, ఆకును వంచి, దాని మీద ఆనించాను.

టిక్.

ఆకుపచ్చ వెలుగు. తెర మీద ఆమె ఫొటో. కింద పేరు. ఉమారాణి. సరిపోయింది.

కరెంటు పోయింది.

కూలర్ రెక్కలు నెమ్మదించాయి... ఆగాయి. ఎంత నిశ్శబ్దమంటే, గోనెసంచి నుంచి నీటిచుక్క పడడం వినిపించింది. వంటింట్లో గిన్నె చప్పుడు లేదు. గాజుల చప్పుడు లేదు.

పందొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆమెను పేరు పెట్టి పిలిచాను.

"ఉమారాణీ..."

వంటింట్లోంచి పలకలేదు.

కుండీలో చిన్న చప్పుడు. తడి చెప్పు నేల మీంచి లేచినట్టు. ఒక ఆకు నా వైపు తిరిగింది. తర్వాత దాని పక్కది. ఆ పక్కది. ఒక్కొక్కటే... తొందర లేకుండా... పిలిస్తే పని ఆపి తల తిప్పే మనిషిలా.

వెనక్కి నడిచాను. వంటింటి గుమ్మం వీపుకు తగిలింది.

ఆమె మూలన కూర్చుని ఉంది. గోడ వైపు ముఖం. మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని, కదలకుండా. ఫోన్ లైటు పడితే చేతుల మీద, మెడ మీద సన్నటి బూడిద పొడి కనిపించింది. పిండి అనుకున్నాను. పిండే అయి ఉండాలని కోరుకున్నాను.

భుజం పట్టుకున్నాను. దవాఖాన గోడ.

చెయ్యి తీశాను. నా బొటనవేలి ముద్ర ఆమె భుజం మీద నిలిచి ఉంది.

సోమ్లాకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఫోన్ రామి చేతికి పోయింది.

"పెట్టినవా?"

"పెట్టిన అవ్వా."

"ఎవలది?"

"నా... ఇంటామెది."

రామి ఫోన్ పక్కకు పెట్టి కొడుకుతో అనడం వినిపించింది. "పెండ్లాం పేరు చెట్టుకు పెట్టిండంట." ఇద్దరూ కాస్త నవ్వారు. నా భార్య గోడ మూలన చల్లబడుతుంటే వాళ్ళు నవ్వారు. కోపం రాలేదు. ఆ నవ్వుకు తగినవాణ్ణే.

"జర ఇను కొడుకా" అంది రామి. "నలుగురు పిలిచే పేరు పెడితే అది తీస్కోదు. దాంట్ల మనిషుంటది. ఖాళీగున్న పేరైతేనే లోపలికి సొర్రుతది. గా పిల్ల పేరు ఖాళీగుండెనా?"

నేను మూలనున్న ఆమె వీపు వైపు చూశాను.

"నువ్వు ఏమని పిలుస్తవ్?"

"ఏయ్ అంట."

ఈసారి ఆమె నవ్వలేదు. "అంతేనా?"

"అంతే."

"గట్లనే పిలువు మరి. గదన్న మిగిలిందో పోయిందో."

ఫోన్ కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. నేల కాలుతోంది, ఆమె కూర్చున్న చోటు తప్ప.

"ఏయ్..."

కదల్లేదు.

"ఏయ్."

గది అవతల ఆకులు కదిలాయి... ఆగాయి. ఆ పిలుపు దానిది కాదు.

"ఏయ్... ఒకసారి ఇటు చూడవే."

చాలాసేపటికి మెడ తిరిగింది. ఎవరు పిలిచారా అని వెతికినట్టు చూసింది. నన్ను గుర్తుపట్టాక ఆ కళ్ళలో కనబడింది సంతోషం కాదు, అంతవరకు చెప్పగలను.

"చాయ్ పెట్టాల్నా?" అంది.

ఏడ్చాను. ఆ ఏయ్ అనే ఈసడింపే ఆమెను వెనక్కి తెచ్చింది. దానికన్నా మంచి మాట నా దగ్గర ఒక్కటీ లేకపోయింది.

ఆ సాయంత్రమే కుండీని గోనెసంచిలో చుట్టి తండాకు తీసుకుపోయాను. రామి మంచం మీద లేచి కూర్చుని, సంచి విప్పి, కాడ పొడుగునా వేలితో తడుముతూ ఆకులు లెక్కపెట్టింది. ఒకచోట ఆగింది.

"గీడ ఒకటి తెంపిన్రు. పచ్చిగున్నది. నువ్వేనా?"

"కాదు అవ్వా. ఈసారి ఒట్టు."

"మరి మీ ఇంట్ల ఇంకెవలుంటరు?"

ఎవరుంటారు. గాలికి రాలిందేమో అన్నాను. సోమ్లా నా ముఖం చూసి తల దించుకున్నాడు.

"ఆమె పేరు మళ్ళ వస్తదా అవ్వా?"

"ఇచ్చినంక మళ్ళ అడుగుతరా? ఉన్నదాంతోటి పిలుచుకో. పో."

జూన్ వచ్చింది. రెండు వానలు పడ్డాయి. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. శ్రీపాల్ ఇప్పుడు అక్కడ మహాపండితుడు. యాప్ తీసేశాను. రోజుకు ఇరవైసార్లు ఆమెను పేరుతో పిలుస్తాను, ముందు పిలవనివన్నీ కలిపి. పక్కింటివాళ్ళకు నవ్వులాటగా ఉంది. ఆమె తిరగదు. ఏయ్ అంటే మాత్రం వస్తుంది. పని చేస్తుంది, వండుతుంది, ఒళ్ళు వెచ్చగానే ఉంది. అప్పుడప్పుడూ తనలో తను నవ్వుకుంటుంది. బాగుపడుతోందనుకున్నాను.

నిన్న పొద్దున మంచినీళ్ళ కోసం వంటింట్లోకి పోయాను. ఆమె కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. కిటికీలో, ఉప్పు డబ్బా వెనక, పచ్చడి సీసా మూత. ఆ మూతలో ఒక ఆకు. కింద తెల్లటి వేళ్ళు. పక్కనే చిటికెన గోరంత పిలక.

ఆమె కొంగు చివరతో దాని మీది దుమ్ము తుడిచింది. వంగింది. మెల్లగా, పసిపిల్లతో మాట్లాడినట్టు, నా పేరు పలికింది.

ఇగో అని కాదు. జిరాక్సాయన అని కాదు. బోర్డు మీద ఉన్న పేరు, ఇంటిపేరుతో సహా. పందొమ్మిదేళ్ళలో ఆ నోట నేను వినని పేరు. ఎంత బాగా పలికిందో. నిజం చెప్తున్నాను, ముందు నాకు సంతోషమే వేసింది. ఆఁ అందామని నోరు తెరిచాను.

నాకంటే ముందు పిలక తిరిగింది.

"మాట్లాడకు ఇగ" అంది దానితో, నవ్వుతూ.

నీళ్ళు తాగకుండానే షాపులోకి వచ్చేశాను. రోజూ మిషన్ తెరవాలంటే ముందు నా బొటనవేలు పెట్టాలి. పెట్టాను. తీసుకోలేదు. చెమటేమో అని తుడుచుకుని మళ్ళీ పెట్టాను. తీసుకోలేదు. అద్దం మీద సన్నగా బూడిద పొడి మిగిలింది.

మొదట్లో నా పేరు తర్వాత చెప్తానన్నాను. ఇది రాసే ముందు బయటికి పోయి, రోడ్డు అవతల నిలబడి, బోర్డు చదివాను. అక్షరాలన్నీ చదవగలిగాను. ఎవరో తెలిసినాయనదే అనిపించింది.

లోపలి నుంచి ఆమె పిలుస్తోంది. ఎప్పుడూ లేనిది.

"ఏయ్" అంటోంది.

వెంటనే లేచాను.